కోళ్ల ఫారం పక్కనే ఇల్లు: పెరట్లో నాటుకోళ్లను నిలబెట్టుకోవడం ఎలా?

“ఫారంలో ముప్పై వేల కోళ్లు నిక్షేపంలా ఉన్నాయండీ. మా పెరట్లో ఉన్న పదిహేనూ మూడు రోజుల్లో పోయాయి. ఇదెక్కడి న్యాయం?”

అనపర్తి, తణుకు వైపు నుంచి, షాద్‌నగర్ వైపు నుంచి కూడా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాసేస్తున్నాను.

ముందు జవాబు. ఫారం కోళ్లకు పుట్టిన రోజు నుంచి లెక్క ప్రకారం టీకాలు పడతాయి. టీకా పడిన కోడి ఒంట్లోకి కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) క్రిమి వెళ్లినా అది మంచం పట్టదు. కానీ కొన్నాళ్లు రెట్టలో ఆ క్రిమిని బయటికి వదులుతూనే ఉంటుంది. ఆ రెట్ట ఎవరి చెప్పుకో, ట్రాలీ టైరుకో, ఖాళీ బస్తాకో అంటుకుని మీ పెరట్లోకి వస్తుంది. మీ కోడికి టీకా లేదు. అంతే సంగతి. ఇదే దారిలో జబ్బు మీ ఇంటి నుంచి ఫారానికీ వెళ్తుంది. ఫారం వాళ్లు నాటుకోళ్లను చూసి చిరాకుపడేది అందుకే, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నేనూ ఈ పాఠం ఉత్తినే నేర్చుకోలేదు. ఆరేళ్ల కిందట ఒక ఫారంలో గుడ్లు తగ్గిపోయిన లేయర్ కోళ్లను (గుడ్ల కోసం పెంచేవి) తీసేస్తుంటే, తెలిసినవాళ్లు నాలుగు కోళ్లు ఊరికే ఇచ్చారు. సంచిలో వేసుకుని సంబరంగా తెచ్చి మా కోళ్లలో వదిలాను. ఆ నాలుగూ బాగానే తిరిగాయి. వారం తిరక్కుండా మా పెట్ట ఒకటి మెడ వెనక్కి మెలితిప్పి ఆకాశం చూడటం మొదలుపెట్టింది. మా కోళ్లు మొత్తం ఇరవై మూడు. పదో రోజుకు మిగిలినవి ఐదు. ఆ నాలుగు లేయర్లు మాత్రం ఇంకో ఏడాది బతికాయి.

కావలసినవి

ఇరవై కోళ్ల లెక్కన చెబుతున్నాను:

- ముప్పావు అంగుళం కన్నుల వల లేదా మెష్. అంగుళంన్నర కన్నులైతే పిచ్చుక దూరిపోతుంది.
- రాత్రి గూటికి కోడికి రెండు చదరపు అడుగులు, పగలు తిరగడానికి కోడికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు. అంటే పగటి ఆవరణ దాదాపు 200 చదరపు అడుగులు.
- కోళ్ల దగ్గర మాత్రమే వాడే ఒక జత రబ్బరు చెప్పులు.
- ఒక టబ్బు, బ్లీచింగ్ పౌడరు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు.
- టీకాల కోసం థర్మాస్ ఫ్లాస్కు, ఐసు.
- కొత్త కోళ్లను విడిగా ఉంచడానికి ఇంకో చిన్న గూడు, అదీ ఇంటికి అవతలి వైపు.
- ఒక నోటుబుక్కు.

ఖర్చంతా వల దగ్గరే. డబ్బు ఇబ్బందైతే పాత చేపల వల బాగా ఉతికి, ఎండబెట్టి పై కప్పుకు వాడండి. పక్కలకు మాత్రం మెష్ తప్పదు, చేపల వలని ముంగిస ఇట్టే కొరికేస్తుంది.

1. ముందు తిరుగుడు ఆపండి

నాటుకోడి అంటే ఊరంతా తిరిగి ఏరుకు తినేదే, నిజమే. ఫారం పక్కన మాత్రం ఆ సుఖం ఉండదు. ఫారం గేటు దగ్గర ఒలికిన దాణా కోళ్లకు పెళ్లి విందు లాంటిది. ఒకసారి రుచి మరిగితే రోజూ అక్కడికే పోతాయి. అందుకే ఆవరణ కట్టండి, పైన కూడా కప్పండి. కాకులు, కొంగలు, పిచ్చుకలు ఫారం పెంటకుప్ప మీద వాలి మీ నీళ్ల గిన్నె మీదికి వస్తాయి.

కట్టేసిన కోడికి మేత మీరే పెట్టాలి. పెద్ద కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాములు పడుతుంది. నూకలు, తవుడు, జొన్నలు మాత్రమే వేస్తే గుడ్లు తగ్గుతాయి. కాస్త నూనెగింజల చెక్క, ఆకుకూర తుంపులు, నలగ్గొట్టిన నత్తగుల్లలు కలపండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఎంత చవగ్గా వచ్చినా వద్దు, లివరు పాడై మెల్లగా చస్తాయి.

ఆవరణకు చోటు లేనివాళ్లకు ఒక రాజీ మార్గం ఉంది. పగలంతా గూట్లో ఉంచి, సూర్యాస్తమయానికి గంట ముందు మాత్రం ఇంటి దొడ్లో వదలండి. చీకటి పడుతుందన్న తొందరలో కోడి గూడు వదిలి దూరం పోదు. ఇది పూర్తి రక్షణ కాదు, సగానికి సగం మేలు.

మూసిన మొదటి పది రోజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. గోంగూర కట్టో, తోటకూర కట్టో తాడుతో వేలాడదీస్తే ఆ పొడుపంతా దాని మీద పోతుంది.

2. చెప్పులు గుమ్మం దాటకూడదు

ఆవరణ లోపల ఒక జత, బయట ఒక జత. లోపలి చెప్పులు బయటికి రావు, బయటివి లోపలికి పోవు. ఇంతకంటే చవకైన మందు కోళ్ల పెంపకంలో లేదు.

టబ్బులో లీటరు నీళ్లకు 30 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు కలిపి, కాళ్లు ముంచి వెళ్లే ఏర్పాటు చేసుకోవచ్చు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెట్ట అంటిన చెప్పును నేరుగా ముంచుతారు. మురికి మీద బ్లీచింగ్ పని చేయదు. ముందు సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దాలి, తర్వాత ముంచాలి. నీళ్లు రోజూ మార్చాలి, టబ్బు నీడలో ఉండాలి. పౌడరు డబ్బా మూత తీస్తే ముక్కు అదరాలి. వాసన రాలేదంటే అది సున్నంతో సమానం, పారేయండి. ఇంకో జాగ్రత్త: బాత్రూం కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

బ్లీచింగ్ బదులు పొటాషియం పర్మాంగనేట్ వాడతామంటే వాడండి గానీ, గులాబీ రంగు గోధుమ రంగుకు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే.

ఇంట్లో ఎవరైనా ఫారంలో పనికి వెళ్తుంటే ఈ మెట్టు ఇంకా గట్టిగా పాటించాలి. వచ్చిన మనిషి స్నానం చేసి, బట్టలు మార్చాకే పెరట్లోకి వెళ్లాలి. ఆ బట్టలు కోళ్ల ఆవరణ మీద ఆరేయకూడదు. చాలా ఫారాలు పనివాళ్ల ఇళ్లలో కోళ్లు ఉండకూడదని ముందే షరతు పెడతాయి. అలాంటి షరతు ఉంటే దాచిపెట్టి పెంచకండి. జీతమో కోళ్లో తేల్చుకోవాలి, నేనైతే జీతమే ఉంచుకోమంటాను.

3. ఫారం నుంచి ఏదీ తేకండి

చవగ్గా వస్తాయి కాబట్టే ఇవి ఇంట్లోకి చేరతాయి:

- ఖాళీ దాణా బస్తాలు. ధాన్యం పోయడానికి, గూటికి పరదా కట్టడానికి తెస్తారు. కుట్ల మధ్య దుమ్ము అలాగే ఉంటుంది.
- గుడ్ల అట్టలు. కాగితం గుజ్జుతో చేసినవి కడగడానికి వీలుండదు. ప్లాస్టిక్ ట్రేలైతే కడిగి, ముంచి, ఎండబెట్టి వాడుకోవచ్చు.
- కోళ్ల ఎరువు. కూరగాయల మడులకు బ్రహ్మాండమే, కాదనను. కానీ కోళ్లు గీకే చోట పచ్చి ఎరువు వేయడం అంటే జబ్బును పళ్లెంలో పెట్టి వడ్డించడమే. బాగా మగ్గిన ఎరువు మాత్రమే, అదీ కోళ్లకు అందని మడిలో.
- తీసేసిన లేయర్ కోళ్లు. నా కథ విన్నారు కదా. కూర వండుకోవడానికి కొంటే తెచ్చిన పూటే కోసేయండి. ఈకలు, పేగులు పెరట్లో పారేయకుండా పాతిపెట్టండి.

4. టీకాలు

ఫారం పక్కన ఉండి టీకాలు వేయకపోతే మిగతా జాగ్రత్తలన్నీ సగమే. పెరటి కోళ్లకు సరిపోయే వరుస ఇది:

- 5 నుంచి 7 రోజుల వయసులో: కొక్కెరకు లసోటా లేదా ఎఫ్1 అనే టీకా, కంట్లో ఒక చుక్క.
- 14వ రోజు దగ్గర: గంబోరో జబ్బుకు టీకా, కంట్లో లేదా నోట్లో చుక్క.
- 28వ రోజు దగ్గర: మళ్లీ లసోటా.
- ఆరో వారం: అమ్మోరు (ఒంటి మీద పొక్కులు లేచే జబ్బు) టీకా, రెక్క పొరలో గుచ్చాలి.
- 8 నుంచి 10 వారాల మధ్య: కొక్కెరకే ఆర్2బి అనే టీకా, చర్మం కింద అర మిల్లీలీటరు.
- ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి లసోటా.

ఆర్2బి గట్టి టీకా. ఎనిమిది వారాల లోపు పిల్లలకు వేస్తే టీకాతోనే చచ్చిపోవచ్చు. అంతకుముందు లసోటా పడి ఉండాలి. గుడ్లు పెడుతున్న పెట్టలకు వేస్తే గుడ్లు పడిపోతాయి కాబట్టి పెట్టడం మొదలుకాకముందే పూర్తి చేయండి. దీనికి వారం ముందు నులిపురుగుల మందు తాగించండి. మీ పశువైద్యుడు వరుస కాస్త మార్చి చెబితే ఆయన మాటే వినండి, మీ చుట్టుపక్కల ఏ జబ్బు ఎక్కువో ఆయనకు తెలుస్తుంది.

టీకా సీసాలు వంద డోసులు, రెండు వందల డోసులు ఉంటాయి. మనకున్నవి ఇరవై. ఇక్కడే అందరూ వెనకడుగు వేస్తారు. మా వీధిలో ఏడు ఇళ్లవాళ్లం కలిసి ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే టీకా రోజు పెట్టుకున్నాం. పెట్టల కింద పిల్లలు ఒక్కో ఇంట్లో ఒక్కో తేదీన లేస్తాయి కదా, వయసు అటూ ఇటూ రెండు వారాల దాకా తేడా వస్తుంది. అయినా అసలు వేయకపోవడం కన్నా నయం. వేసే మనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేటప్పుడు చేతులు, చెప్పులు కడుక్కోవాలి. లేకపోతే టీకాతో పాటు జబ్బూ పంచినట్టే.

వేసే పద్ధతి:

అ) సీసా కొన్న చోటి నుంచి ఇంటి దాకా ఐసు మీదే రావాలి. చొక్కా జేబులో వచ్చిన టీకా టీకా కాదు. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి.

ఆ) ఎండెక్కకముందు, నీడలో కూర్చుని కలపండి. కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో అయిపోవాలి. మిగిలినది రేపటికి దాచకండి.

ఇ) కోడిని ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు తల పక్కకు తిప్పి చుక్క వేయాలి. చుక్క కంటి మీద పడి, కోడి రెప్ప కొట్టి, చుక్క లోపలికి ఇంకిపోయేదాకా వదలకూడదు. పడీ పడగానే వదిలేస్తే తల విదిలిస్తుంది, టీకా నేల పాలవుతుంది.

ఈ) వేసిన కోడి కాలికి రంగు దారం కట్టండి. “దీనికి వేశామా, లేదా?” అన్న టెన్షన్ ఉండదు.

నీళ్లలో కలిపి ఇస్తామంటే పెద్ద కోళ్లకు ఫర్వాలేదు. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బావి నీళ్లలో లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, తర్వాత టీకా కలపాలి. రెండు గంటలు నీళ్లు లేకుండా ఉంచి ఇస్తే అన్నీ తాగుతాయి. జబ్బుగా ఉన్న కోళ్లకు మాత్రం ఏ టీకా వేయకండి.

ఇక బర్డ్ ఫ్లూ. దాన్ని తెచ్చే హెచ్5ఎన్1 క్రిమి సోకకుండా కోళ్లకు టీకా వేయడానికి మన దేశంలో అనుమతి లేదు. ఎవరైనా వేస్తామంటే నమ్మకండి.

5. కొత్త కోడికి నెల రోజుల వనవాసం

సంతలో కొన్నా, చుట్టాలు ఇచ్చినా, ప్రభుత్వ కేంద్రం నుంచి వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాల పిల్లలు తెచ్చినా, 21 రోజులకు తక్కువ కాకుండా విడిగా ఉంచండి. నేను నెల ఉంచుతాను. రోజూ మేత ముందు పాత కోళ్లకు, తర్వాత కొత్తవాటికి వేయండి. వరుస తిరగబడితే విడిగా ఉంచినా లాభం లేదు. చివరి వారం మీ పాత కోళ్లలో ఒకదాన్ని వాటితో కలిపి చూడండి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ లోపల జబ్బు మోసే కోళ్ల గుట్టు అప్పుడే బయటపడుతుంది. నేను ఈ పని చేసి ఉంటే పద్దెనిమిది కోళ్లకు బదులు ఒక్క కోడే పోయేది.

సంక్రాంతి మాట ఎత్తక తప్పదు. పందేలు చట్టరీత్యా నేరం, అది అలా ఉంచండి. పది ఊళ్ల పుంజులు కలిసిన చోటు నుంచి తిరిగొచ్చిన పుంజుకు కూడా ఇదే నెల రోజుల వనవాసం. దానికి మర్యాదలు చేసి నేరుగా పెట్టల్లో వదిలితే మాఘంలో గూడు ఖాళీ అవుతుంది.

బాతులను కోళ్లతో కలిపి పెంచకండి. బర్డ్ ఫ్లూ క్రిమి బాతుల్లో పెద్దగా లక్షణాలు చూపించకుండా ఉండగలదు. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగినన్నాళ్లు, వలస పక్షులు వచ్చే చలికాలమంతా మీ కోళ్లను చెరువు గట్టుకు పోనివ్వకండి.

6. ఈగలు, ఎలకలు

ఫారం ఉన్నచోట ఈగలుంటాయి, వానాకాలం మరీ ఎక్కువ. మీ చేతిలో ఉన్నది మీ గూటిని పొడిగా ఉంచడం. ఊక తడిసిన చోట వెంటనే తీసి పొడి ఊక వేయండి. రాత్రి మేత గిన్నె ఖాళీగా ఉండాలి, లేకపోతే ఎలకలకు భోజనం పెట్టినట్టే. ఫారంలో షెడ్డు ఖాళీ చేసిన వారం అక్కడి ఎలకలన్నీ తిండి వెతుక్కుంటూ చుట్టుపక్కల ఇళ్లకు మళ్లుతాయి. బోనులు ఆ వారమే పెట్టండి. విషం ఎరలు వద్దు, చచ్చిన ఎలకను కోడి పొడిచినా ముప్పే.

7. ఫారం వాళ్లతో మాట్లాడండి

గొడవకు కాదు. సూపర్‌వైజరును రెండే అడగండి: షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తారు, ఎరువు లోడు ఎప్పుడు కదులుతుంది. ఆ రెండు రోజులూ మీ కోళ్లను గూట్లోనే ఉంచితే చాలా ముప్పు తప్పుతుంది. బదులుగా, “మా దగ్గర కోళ్లు పోతే మీకు మొదటి ఫోను నాదేనండీ” అని మాటివ్వండి. మాకు దగ్గర్లోని ఫారం సూపర్‌వైజరు మొదట్లో నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవాడు. ఈ మాట చెప్పాక మా వీధి టీకా సీసాకు ఐసు ఆయనే ఇస్తున్నాడు.

8. కోళ్లు పోవడం మొదలైతే

ఒక కోడి పోతే రకరకాల కారణాలుండొచ్చు. రెండు రోజుల్లో రెండో మూడో పోతే ఆలస్యం చేయకండి.

కొక్కెరలో ఆకుపచ్చ, తెలుపు పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిప్పడం, కాలో రెక్కో పడిపోవడం కనిపిస్తాయి. బర్డ్ ఫ్లూలో ముఖం వాచి, నెత్తి మీది జుట్టు (తురాయి) నీలం తిరిగి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలతో ఉన్నట్టుండి చస్తాయి. కానీ కంటితో చూసి రెండింటినీ విడదీయలేం, ల్యాబ్ చెప్పాల్సిందే. కాబట్టి:

- మిగతా కోళ్లను మూసేయండి. ఒక్క కోడిని కూడా అమ్మకండి, చుట్టాలకు పంపకండి, జబ్బు కోడిని కోసుకోకండి.
- పశువైద్యశాలకు చెప్పండి, లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోను చేయండి.
- చచ్చిన కోడిని ఉత్త చేతులతో ముట్టుకోకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి. డాక్టరు శాంపిలు అక్కర్లేదంటే నాలుగడుగుల లోతు గొయ్యి, కింద పైన సున్నం, బావికి దూరంగా. కాలువలో మాత్రం పడేయకండి, కింది ఊళ్లవాళ్లు తాగే నీళ్లవి.
- పిల్లల్ని అటు రానివ్వకండి. 2025లో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి మాంసం ముక్క పిల్లల నోటికి అందనివ్వకండి. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో భయం లేదు.

“చెబితే కోళ్లన్నీ చంపేస్తారు” అని దాచిపెట్టేవాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కిలోమీటరు లోపలి కోళ్లను తీసేశారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. అలా తీసేసేటప్పుడు పెరటి కోళ్లనూ వదలరు, నిజమే. అయితే అధికారులు తీసేసిన కోళ్లకు పరిహారం ఉంటుంది, అంతకుముందే చచ్చిన కోళ్లకు ఉండదు. దాచిన ప్రతి రోజూ మీ లెక్కలోంచి కోళ్లు తగ్గుతూ పోతాయి. నోటుబుక్కులో కోళ్ల సంఖ్య, టీకా తేదీలు ఉంటే అధికారి ముందు మాట్లాడటం తేలిక.

సరిగ్గా చేశామో లేదో చూసుకోవడం

అమ్మోరు టీకా: గుచ్చిన వారం పది రోజులకు రెక్క పొర ఎత్తి చూడండి. చిన్న పొక్కో, పెచ్చో ఉంటే టీకా పట్టినట్టు. చాలావాటికి ఏమీ లేకపోతే సీసా పాడైందో, సూది గుచ్చడం తప్పిందో. మళ్లీ వేయాలి.

కొక్కెర టీకా కంటికి కనబడదు. పట్టిందో లేదో తేల్చుకోవాలంటే టీకా వేసిన రెండు మూడు వారాలకు నాలుగైదు కోళ్ల రక్తం తీయించి ల్యాబ్‌లో పరీక్ష చేయించడం ఒక్కటే మార్గం. పశువైద్యుణ్ని అడగండి. చుక్క వేసిన మూడు నాలుగు రోజులకు ఒకటి రెండు తుమ్ములు వినిపిస్తే కంగారు వద్దు, అది టీకా పనే. వారం దాటినా తగ్గకపోతే చూపించాలి.

ఈగలు: గూటి దూలానికి తెల్ల అట్టముక్క కట్టండి. వారానికోసారి దాని మీది మచ్చలు లెక్కపెట్టి, తేదీ రాసి కొత్తది కట్టండి. మచ్చలు వారం వారం పెరుగుతుంటే ఎక్కడో తడి ఊక ఉందని అర్థం.

కంచె: రాత్రి ఆవరణ గుమ్మం దగ్గర, వల చుట్టూ జానెడు వెడల్పున ముగ్గుపిండి పలచగా చల్లి, పొద్దున్నే ఎవరూ తొక్కకముందు వెళ్లి చూడండి. ఎవరెవరు వచ్చి వెళ్లారో అచ్చు పడి ఉంటుంది. మొదటిసారి నేను చూసినప్పుడు రెండు ఎలకలు, ఒక పిల్లి, వాటి మధ్యలోంచి గూటి దాకా వెళ్లి తిరిగొచ్చిన ఉత్త కాళ్ల అచ్చులు. మా అమ్మవి. తెల్లారకముందే గుడ్లు తేవడానికి వెళ్లింది. “నా కాళ్లకేం రోగంరా?” అంది. ఎలకల కన్నం అదే రోజు మూసేశాను. అమ్మకు చెప్పులు అలవాటు చేయడానికి మాత్రం నెల పట్టింది.